కారుకు కొత్త స్ప్రింగులు: ఎన్నిక, అమరిక

నెల్లూరు పట్టణమునుండి మైపాడు సముద్రతీరము సుమారు 25 కిలోమీటర్ల దూరము. ఆ దారిలో గతుకు తగిలినప్పుడు మూడు బండ్లు మూడు విధములుగా నడచును. కొయ్య ఎడ్లబండికి స్ప్రింగు లేదు. చక్రము ఎంత లేచిన బండివాడును అంత లేచి పడును. సాధారణమైన కారులో చక్రము లేచినను లోపల కూర్చున్నవారు మెల్లగా ఊగుదురు. స్పోర్ట్సు కారు ఊగదు; ఒక్కమారు గట్టిగా కదలి వెంటనే కుదురుకొనును. చక్రమునకును బండి శరీరమునకును నడుమనున్న స్ప్రింగు, దానికి జతయైన షాక్ అబ్జార్బరు, ఈ రెండే ఆ భేదమునకు కారణములు.

కారు కొన్న యువకులలో కొందరు కంపెనీవారు అమర్చిన స్ప్రింగులను తీసివేయించి, 'కాయిలోవరు' అను సాధనమును బిగింపించుచుందురు. కొందరు అంత ఖర్చు పెట్టలేక పాత స్ప్రింగునే ఒకటి రెండు చుట్లు కోయింతురు. మొదటి పని తెలిసి చేసినచో మేలు, తెలియక చేసినచో కీడు. రెండవది ఎట్లు చేసినను కీడే. ఇది ఎందుచేతనో గ్రహించుటకు ఉన్నత పాఠశాలలో బోధింపబడు హుక్ సూత్రము, దానితోపాటు డోలనములనుగూర్చిన కొద్దిపాటి పరిచయము చాలును.

స్ప్రింగు చేయు పని

స్ప్రింగు ఎంత అణగునో దానికి అనుపాతముగా ఎదురుబలము పుట్టునని రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. ఒక మిల్లీమీటరు అణచుటకు ఎన్ని న్యూటన్లు కావలెనో ఆ సంఖ్యయే స్ప్రింగు యొక్క బిగువు.

ఒక ఉదాహరణము తీసికొందము. కారు ద్రవ్యరాశి 1200 కిలోగ్రాములు. అందు నూటికి 60 పాళ్లు ముందు చక్రములపై పడుచున్నవి. అనగా ముందువైపు ఒక్కొక్క చక్రమునకు 360 కిలోగ్రాములు. చక్రము, బ్రేకు మొదలగు భాగముల బరువు స్ప్రింగుపై పడదు. వాటికి 35 తీసివేయగా స్ప్రింగు మోయునది 325 కిలోగ్రాములు, అనగా సుమారు 3185 న్యూటన్లు. స్ప్రింగు బిగువు మిల్లీమీటరుకు 20 న్యూటన్లైనచో కారు నిలిచియున్నప్పుడే అది సుమారు 16 సెంటీమీటర్లు అణగియుండును. దాని స్థానమున 60 న్యూటన్ల స్ప్రింగు వేసినచో 5.3 సెంటీమీటర్లే అణగును.

డోలనముల లెక్కయు ఇట్లే వచ్చును. బిగువును ద్రవ్యరాశిచే భాగించి, వర్గమూలము కట్టి, 6.28చే భాగించినచో సెకనుకు ఎన్ని ఊపులో తెలియును. మెత్తని స్ప్రింగుపై కారు సెకనుకు 1.25 మారులు ఊగును. గట్టి స్ప్రింగుపై 2.16 మారులు ఊగును. మొదటిది ఊయలవలె నుండును. రెండవది నడుమును అదరించును.

అట్లైన గట్టి స్ప్రింగు ఎందుకు? కారు వేగముగా మలుపు తిరుగునప్పుడు శరీరము వెలుపలికి ఒరుగును. ఒరిగినకొలది చక్రములు నిటారుగా నిలువక టైరు అంచుపై నడచును. నేలను పట్టుకొను శక్తి తగ్గును. గట్టి స్ప్రింగు ఈ ఒరుగుటను తగ్గించును. కాని దీనికొక మూల్యము కలదు. నిలిచియున్నప్పుడు 16 సెంటీమీటర్లు అణగిన స్ప్రింగు, గుంట వచ్చినప్పుడు అంత మేర సాగి చక్రమును నేలకు నొక్కగలదు. 5.3 సెంటీమీటర్లు అణగినది అంతవరకే నొక్కగలదు. గుంట అంతకంటె లోతైనచో చక్రము క్షణకాలము గాలిలో నుండును. నేలను తాకని చక్రము బ్రేకుకు లోబడదు, స్టీరింగుకును లోబడదు. నున్నని బాటపై గుణమైనది గతుకుల బాటపై దోషమగును.

షాక్ అబ్జార్బరు

స్ప్రింగు శక్తిని దాచుకొనును గాని హరింపదు. దానిని ఒంటరిగా విడిచినచో ఒక్క గతుకునకు కారు చాలసేపు ఊగుచుండును. ఆ శక్తిని హరించునది షాక్ అబ్జార్బరు. గొట్టములోని ముషలకము నూనెలో కదలుచు, సన్నని రంధ్రములగుండ నూనెను నెట్టును. ఆ ఘర్షణచే చలనశక్తి ఉష్ణమగును. గతుకుల దారిపై నడచి వచ్చిన కారు షాక్ అబ్జార్బరు వెచ్చగా నుండుటకు ఇదియే కారణము.

ఊపును అసలు పుట్టనీయక అణచుటకు ఎంత అవరోధము కావలెనో దానిని సందిగ్ధ అవరోధమందురు. కార్లలో అందు సుమారు మూడవ వంతు ఉంచుట సాధారణము. ఈ సందిగ్ధ అవరోధము బిగువు యొక్క వర్గమూలమునుబట్టి పెరుగును. పై ఉదాహరణములో బిగువు మూడు రెట్లైనది. కావలసిన అవరోధము 1.73 రెట్లైనది. పాత షాక్ అబ్జార్బరునే ఉంచినచో నూటికి 30 పాళ్లుండిన అవరోధము 17కు దిగజారును. స్ప్రింగు గట్టిపడినను కారు కుదురుకొనదు, గంతులు వేయును. కావుననే స్ప్రింగును, షాక్ అబ్జార్బరును జతగా ఎన్నుకొనవలెను.

కాయిలోవరు అనగా నేమి?

షాక్ అబ్జార్బరు చుట్టును చుట్టస్ప్రింగును తొడిగి ఒకే అంగముగా చేసినది కాయిలోవరు. ఈ పోలిక కొత్తది కాదు. ఫోర్డు కంపెనీ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ పేర ప్రసిద్ధమైన స్ట్రట్టు 1950 నాటి బ్రిటిషు ఫోర్డు కార్లలోనే వచ్చినది. 1983లో మన దేశమున వెలువడిన మారుతి 800 కారు ముందు చక్రములకును ఇట్టి స్ట్రట్టే ఉండెను. విడిగా కొను కాయిలోవరునందలి విశేషము వేరు: దాని గొట్టముపై మరచుట్లు ఉండును. వాటిపై తిరుగు కంకణమును పైకి క్రిందికి త్రిప్పి కారు ఎత్తును మార్చవచ్చును. కొన్నిటిలో నూనె రంధ్రములను సవరించు చిన్న మీటయు ఉండును.

కంకణము బిగించినచో స్ప్రింగు గట్టిపడునని పెక్కుమంది భ్రమపడుదురు. ఇది హుక్ సూత్రమునకు విరుద్ధము. అంతట ఒకే విధమైన చుట్లుగల స్ప్రింగును ముందుగా ఎంత నొక్కినను, ఆపై ఒక్కొక్క మిల్లీమీటరునకు కావలసిన బలము మారదు. మారునది కారు ఎత్తు, చక్రమునకు లభించు కదలిక మాత్రమే. ఎత్తు మార్చుటకు గొట్టము అడుగుభాగమును వేరుగా త్రిప్పు ఏర్పాటున్నచో స్ప్రింగును కదల్చక పని జరుగును, అట్టిది మేలు.

ఎన్నిక

మొదట వేసికొనవలసిన ప్రశ్న: కారు ఎచ్చట నడచును? నెల్లూరునుండి చెన్నైకి పోవు పాత గ్రాండ్ నార్తరన్ ట్రంకు రోడ్డుపై షోళవరము కలదు. అచ్చటి పాత విమానాల బాటపై, 1953లో స్థాపితమైన మద్రాసు మోటారు స్పోర్ట్సు క్లబ్బు చాలకాలము పందెములు నడపినది. తరువాత శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టై వద్ద సుమారు 3.7 కిలోమీటర్ల బాట ఏర్పడినది. పందెమునకై వేసిన బాట నున్నగా నుండును; అచ్చట గట్టి స్ప్రింగు చెల్లును. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగరు ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ పందెము జరిగినప్పుడు నగర వీథులే బాట యైనవి. వీథులకు అతుకులు, ఎత్తుపల్లములు సహజము. అచ్చట చక్రమునకు కొంత కదలిక మిగిల్చియే తీరవలెను. పందెపు కార్లకే ఈ నియమము తప్పనప్పుడు, ప్రతిదినము బజారుకు పోవు కారుకు చెప్పవలసినదేమి?

రెండవది బిగువు. అంగడిలో దీనిని మిల్లీమీటరుకు ఇన్ని కిలోలని చెప్పుదురు. 6 కిలోలనగా సుమారు 59 న్యూటన్లు. స్ప్రింగు చక్రమునకు నేరుగా కాక, బాహువుపై నడుమ అమరియున్నచో తులాదండ సూత్రము వర్తించును. చక్రము 10 మిల్లీమీటర్లు కదలినప్పుడు స్ప్రింగు 7 మాత్రమే కదలినచో, చక్రమువద్ద తోచు బిగువు 0.7 వర్గము, అనగా నూటికి 49 పాళ్లే. అందుచేత ఒక కారుకు తగిన సంఖ్య వేరొక కారుకు తగదు.

మూడవది పై బిగింపు. రబ్బరు దిమ్మ అదురును మ్రింగును; లోహపు గుండు కీలు స్టీరింగును చురుకు చేయును గాని చప్పుడును లోపలికి తెచ్చును. నాలుగవది మరమ్మతు. నూనె, ముద్ర రింగులు మార్చుటకు వీలైన రకము దీర్ఘకాలము ఉపయోగపడును.

ఐదవది, తీరవాసులకు ముఖ్యమైనది, తుప్పు. సముద్రపు గాలిలోని ఉప్పు ఉక్కును త్వరగా తినును. స్ప్రింగు బిగువు తీగ వ్యాసము యొక్క నాలుగవ ఘాతమునుబట్టి యుండును. 12 మిల్లీమీటర్ల తీగ తుప్పుచే 11.5 అయినచో బిగువు నూటికి 16 పాళ్లు తగ్గును. అంతకంటె భయంకరమైనది తుప్పు చేసిన చిన్న గుంట. అక్కడ ప్రతిబలము కేంద్రీకరించి, వేలకొలది ఊపులలో బీటవారి, ఒకనాడు స్ప్రింగు విరుగును. మరచుట్లు తుప్పుపట్టినచో కంకణము కదలనే కదలదు. మంచి పూతగల స్ప్రింగును, తుప్పుపట్టని గొట్టమును ఎన్నుకొని, తీరమునుండి వచ్చిన తరువాత మంచినీటితో కడుగుట ఉత్తమము.

స్ప్రింగు కోయరాదు

స్ప్రింగు బిగువు పనిచేయు చుట్ల సంఖ్యకు విలోమానుపాతము. 8 చుట్లలో 2 కోసినచో బిగువు మూడవ వంతు పెరుగును. షాక్ అబ్జార్బరు పాతదే యగుటచే అవరోధము చాలదు. పైగా పొట్టిదైన స్ప్రింగు, చక్రము పూర్తిగా వ్రేలాడినప్పుడు గిన్నెలోనుండి జారి వదులగును. మరల నేల తగిలినప్పుడు అది స్వస్థానమున కూర్చుండునన్న నమ్మకము లేదు. మంటతో కోసినచో ఆ వేడికి ఉక్కు పదును చెడును. మిగిలిన డబ్బుకంటె కలుగు నష్టమే అధికము.

అమరిక

అణగిన స్ప్రింగు బిగించిన విల్లువంటిది. 20 న్యూటన్ల స్ప్రింగును 15 సెంటీమీటర్లు నొక్కినచో అందు 225 జౌళ్ల శక్తి దాగియుండును. 23 కిలోగ్రాముల రాతిని మీటరు ఎత్తు లేపిన శక్తికి అది సమానము. తగిన నొక్కుడు సాధనము లేక పై మరను విప్పినచో ఆ శక్తి అంతయు ఒక్కమారుగా వెలువడి ప్రాణము తీయగలదు. ఇది అనుభవమున్న మెకానిక్కు చేయవలసిన పని. యజమాని ఆ క్రమమును తెలిసికొని చూచుచుండవలెను.

సమతలమున కారును నిలిపి ముందుగా నాలుగు మూలల ఎత్తు కొలిచి వ్రాసికొనవలెను. జాకీతో లేపిన పిదప ఉక్కు స్టాండులపై నిలుపవలెను. జాకీ ఒక్కదానిని నమ్మి కారు క్రిందికి పోరాదు. బ్రేకు గొట్టమును, చక్రపు వేగమును కొలుచు తీగను స్ట్రట్టునుండి విడదీసి, లాగుడు పడకుండ కట్టవలెను. కొత్తది అమర్చిన తరువాత మరలను కంపెనీ చెప్పిన టార్కునకు కొలత పానాతో బిగింపవలెను. రబ్బరు బుష్షులుగల బోల్టులను మాత్రము కారు బరువు చక్రములపై నిలిచిన పిదపనే తుదిగా బిగింపవలెను. చక్రము వ్రేలాడుచుండగా బిగించినచో, కారు దింపినంతనే రబ్బరు మెలిబడి, త్వరలో చినుగును.

ఎత్తు మారినచో చక్రముల కోణములు మారును. కావున చక్రముల అమరికను యంత్రముపై సరిచూపింపవలెను. లేనిచో టైరు ఒక అంచున అరిగిపోవును. ముందు దీపముల దిశయు మారును. దానిని సరిచేయనిచో ఎదుటివారి కండ్లలో వెలుగు పడును. కొద్దిదినములు నడిపిన పిదప మరలను, ఎత్తును తిరిగి పరీక్షింపవలెను.

ఎంత దింపవచ్చును?

కారు దింపినకొలది మలుపులలో మేలని తలంపు. లెక్క చూడుడు. 1200 కిలోగ్రాముల కారు, గురుత్వ కేంద్రము ఎత్తు 50 సెంటీమీటర్లు, చక్రముల నడిమి వెడల్పు 150 సెంటీమీటర్లు, మలుపులో త్వరణము 5 ప్రమాణములు అయినచో లోపలి చక్రములనుండి వెలుపలి చక్రములకు మారు భారము 2000 న్యూటన్లు. కారును 3 సెంటీమీటర్లు దింపినచో అది 1880 అగును. లాభము నూటికి 6 మాత్రమే.

నష్టమో? ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు ప్రమాణము ప్రకారము గుండ్రని వేగనిరోధక గట్టు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధము కలిగి యుండవలెను. ముందు వెనుక చక్రముల దూరము 2.6 మీటర్లైన కారు దానిపై నిలిచినచో నడుమ గట్టు 5 సెంటీమీటర్లే పైకి వచ్చును. జ్యాచాప గణితముచే దీనిని సరిచూడవచ్చును. 10 సెంటీమీటర్ల ఖాళీ గల కారు దానిని దాటగలదు. కాని ఊరి వీథులలో జనులు స్వయముగా వేసిన గట్లు ఇరుకుగా, నిటారుగా నుండును. చక్రములు గట్టుకు ఇరుప్రక్కల నేలపై నుండగా 12 సెంటీమీటర్ల గట్టు, 10 సెంటీమీటర్ల ఖాళీ గల కారు అడుగును తప్పక గీయును. అచ్చట నూనె తొట్టియే మొదట పగులవచ్చును.

చట్టమును మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు యజమాని బండిని మార్చరాదు. 2019లో సుప్రీంకోర్టు ఈ నియమమును మరల దృఢపరచినది. రవాణా కార్యాలయమున విచారించి, బీమావారికి తెలిపిన పిమ్మటనే ఏ మార్పునైనను తలపెట్టవలెను.

ఒక చిన్న పరీక్ష

ఉపాధ్యాయులు దీనిని పాఠశాల ఆవరణలోనే చూపవచ్చును. సమతలమున నిలిపి, చేతి బ్రేకు వేసిన కారు ముందు మూలను రెండు చేతులతో గట్టిగా నొక్కి విడువవలెను. మూల పైకి లేచి, ఒక్కమారు దిగి నిలిచినచో షాక్ అబ్జార్బరు మంచిది. రెండు మూడు మారులు ఊగినచో దాని పని అయిపోయినది. అట్టి కారుకు కావలసినది క్రొత్త సొగసు కాదు. పాత భాగమునకు బదులు అట్టిదే మరియొకటి. లోపమెక్కడనో ముందు కనిపెట్టి, పిదప డబ్బు పెట్టువాడే బాటపై క్షేమముగా ఇల్లు చేరును.