చిన్నారి వేళ్లకు పొరుగువారి రంగులు

ఒకటిన్నర ఏడు నిండి మూడేళ్లు దాటని పిల్లలున్న తల్లిదండ్రులు ఈ వారం మాటలు కాస్త నింపాదిగా చదవాలని నా మనవి.

ఆ మధ్య చీపురుపల్లిలో, ఒక ఆసుపత్రి వరండాలో చూసిన సంగతి ఇది. కూలి పనికి కొండ దిగివచ్చిన సవర తల్లి బిడ్డను ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. పక్కనే మన ఊరి తల్లి, ఆమె రెండేళ్ల బాబు. బాబు ఆ పాప చేతి పూసలు ముట్టుకోబోయాడు. "ఆల్ల కాడికెల్లకు నాన్నా!" అంటూ తల్లి వాడి చెయ్యి చటుక్కున లాగేసింది. వాడికి మాట అర్థమైందో లేదో గాని, లాగడం అర్థమైంది. మళ్లీ ఆ పాప వైపు చెయ్యి చాపలేదు.

ఈ వయసులో బిడ్డకు మాటకన్నా ముందు చెయ్యి, ముక్కు, నాలుక చదువు చెబుతాయి. ఎవరు మనవాళ్లు, ఎవరు పరాయివాళ్లు అన్నది కూడా అలాగే పట్టుబడుతుంది. కనుక ఇతరుల సంస్కృతిని పరిచయం చేయాలంటే మొదట వేళ్లకు పరిచయం చేయండి. దూరదేశాలకు పోనక్కరలేదు. మన పక్క కొండల నుంచే మొదలు పెట్టవచ్చు.

సవర గోడ - చోడి జావ

సవరలు ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యపు పిండితో మనుషులు, చెట్లు, గుర్రాలు, సూర్యచంద్రుల బొమ్మలు వేస్తారు. అవి అలంకారానికి కాదు, పెద్దలకూ దేవతలకూ వేసే బొమ్మలు. మన దేవుడి పటాన్ని ఎలా చూస్తామో వాటినీ అలాగే చూడాలి. అందుచేత పూజ బొమ్మను బిడ్డచేత దింపించవద్దు. ఫొటో చూపించి, ఆ రెండు రంగులతో ఆడనివ్వండి, చాలు.

ఎర్రమట్టిలో నులిపురుగుల గుడ్లుండవచ్చు. దానికి బదులు చోడిపిండి జావ చిక్కగా కాచి, చల్లార్చి, స్టీలు పళ్లెంలో పరచండి. బియ్యపు పిండి కూడా ఉడికించి చల్లార్చి చిన్న గిన్నెలో ఇవ్వండి. బిడ్డ వేలు ముంచి చుక్కలు పెడతాడు, గీతలు లాగుతాడు, నాకుతాడు కూడా! పచ్చిపిండి మాత్రం వద్దు, విరేచనాలు పట్టుకోవచ్చు. ఆట అయ్యాక వేరే గ్లాసులో చోడి అంబలి పట్టండి. "కొండమీది అమ్మలూ ఇదే కాస్తారు" అని చెప్పండి.

మరోవారం ఒడియావారి 'ఝోటి' చూపించండి. మార్గశిర గురువారాల్లో వాళ్లు లక్ష్మీదేవికి బియ్యపు పిండి ముద్దలో వేళ్లు ముంచి ముగ్గు వేస్తారు. ఇంకొక ఉదయం మీ వాకిట్లో మన ముగ్గు చూపించండి. మూడు ఇళ్లలోనూ ఉన్నది అదే బియ్యపు పిండి అని బిడ్డ వేళ్లకు తెలుస్తుంది.

సవర భాష కోసం తన జీవితంలో ఎన్నో ఏళ్లు వెచ్చించిన గిడుగు రామమూర్తి పంతులుగారు (1863-1940) శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో పుట్టినవారే. పొరుగువారిని తెలుసుకోవడం మన ప్రాంతానికి కొత్త కాదు.

ఇవి ఇవ్వకండి

సున్నం, సున్నం కలిసిన ముగ్గుపిండి దగ్గరకు రానివ్వకండి. కంట్లో పడితే చూపే పోవచ్చు. పడిందా, వెంటనే పలుకులు తుడిచి, మంచినీటి ధారతో కనీసం 20 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి పరుగెత్తండి. ఆముదం, చనుబాలు పోయవద్దు.

విడిగా అమ్మే రంగుపొడుల్లో సీసం ఉండవచ్చు. నోట్లోకి పోయిన సీసం పెద్దల ఒంటికన్నా చిన్నపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

పూసలు, చింతపిక్కలు, వేరుశనగ గింజలు గొంతుకు అడ్డుపడతాయి. మూడేళ్లు దాటేవరకూ ఆటలో పెట్టవద్దు. చేతులకు 'నల్ల గోరింటాకు' పెట్టవద్దు. అందులో కలిపే రసాయనం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది.

ఆట 10, 15 నిమిషాలు చాలు. మీరు పక్కనే కూర్చోండి. జిగురు ముట్టడానికి బిడ్డ జంకితే బలవంతం చేయక, చెంచా ఇవ్వండి. ఆటకు ముందు, తరువాత సబ్బుతో చేతులు కడగండి.

చివరిగా ఒక మాట. ఇంట్లో సవర రంగులతో ఆడించి, సంతలో సవర బిడ్డ ఎదురైతే చెయ్యి లాగేస్తే ఆడించిన ఫలం దక్కదు. వాడిని పలకరించనివ్వండి, పూసలు ముట్టుకోనివ్వండి. ఆ బిడ్డ తల్లితో మీరూ రెండు మాటలాడండి. అంటురోగాల భయమంటారా, ఇంటికి వచ్చాక సబ్బుతో చేతులు కడిగితే సరిపోతుంది.