2³¹ − 1 : ఒక పెద్ద ప్రధాన సంఖ్య ధర్మాలు

97 ప్రధాన సంఖ్య అని నిమిషంలో తేల్చవచ్చు. మరి 2,14,74,83,647 సంగతి? దీని విలువ 2³¹ − 1. ఇది ప్రధాన సంఖ్య అని 1772లో ఆయిలర్ ప్రకటించాడు. కంప్యూటరు లేని కాలంలో అది ఎలా సాధ్యమైందో ఈ భాగంలో తెలుసుకుందాం.

ఘాతాంకం షరతు

2 ఘాతం నుంచి 1 తీసివేయగా వచ్చే ప్రధాన సంఖ్యలను మెర్సెన్ ప్రధాన సంఖ్యలు అంటారు. ఇందుకు ఘాతాంకం ప్రధాన సంఖ్య కావడం అవసరం. కాని అది ఒక్కటే చాలదు. 11 ప్రధాన సంఖ్యే, అయినా 2¹¹ − 1 = 2047 = 23 × 89.

భాజకాల వడపోత

2³¹ − 1ని 'భ' అనే ప్రధాన సంఖ్య భాగిస్తుందనుకుందాం. అప్పుడు 2³¹ని భ చేత భాగిస్తే శేషం 1. 31 ప్రధాన సంఖ్య కనుక, శేషం 1 ఇచ్చే అతి చిన్న ఘాతాంకం 31 మాత్రమే. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం భ − 1 ఘాతాంకానికి కూడా శేషం 1. కాబట్టి భ − 1ని 31 భాగిస్తుంది. భ బేసి సంఖ్య కనుక 62 కూడా భాగిస్తుంది.

ఇంకొక సంగతి గమనించండి. 2³²ని, అంటే 2¹⁶ వర్గాన్ని, భ చేత భాగిస్తే శేషం 2. అంటే 2 వర్గశేషం. అలాంటప్పుడు భను 8 చేత భాగిస్తే శేషం 1 లేదా 7 కావాలి. రెండు షరతులను కలిపితే, భను 248 చేత భాగించినప్పుడు శేషం 1 లేదా 63 అని తేలుతుంది.

ఎన్ని భాగహారాలు?

మన సంఖ్య వర్గమూలం 46,340కి, 46,341కి మధ్య ఉంది. కాబట్టి 46,340 వరకు చూస్తే చాలు. బేసి సంఖ్యలన్నింటితో భాగిస్తే 23 వేలకు పైగా భాగహారాలు. పై షరతులతో 249, 497, ... అనే వరుసలో 186, 63, 311,... అనే వరుసలో 187 సంఖ్యలు మిగులుతాయి. 63 సంయుక్త సంఖ్య కనుక తొలగించగా మొత్తం 372. వీటిలో ఏదీ నిశ్శేషంగా భాగించదు. కనుక 2³¹ − 1 ప్రధాన సంఖ్య.

ఇతర ధర్మాలు

యూక్లిడ్ సిద్ధాంతం ప్రకారం 2³⁰ × (2³¹ − 1) = 2305843008139952128 పరిపూర్ణ సంఖ్య; తాను కాక మిగిలిన భాజకాల మొత్తం తనకే సమానం.

కంప్యూటరులో గుర్తుతో కూడిన 32 బిట్ల పూర్ణాంకానికి గరిష్ఠ విలువ కూడా 2³¹ − 1. 1970 జనవరి 1 నుంచి సెకన్లను ఇలా లెక్కించే వ్యవస్థలలో 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8:44:07 తరువాత, లెక్క పట్టదు. అయితే దీనికి కారణం 31 బిట్ల పరిమితే. ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కావడం కాదు. ఈ రెండింటినీ కలిపి పొరబడకండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

2²³ − 1 = 83,88,607 ప్రధాన సంఖ్యేనా? పై పద్ధతిలో పరీక్షించండి.

సూచన: 46 గుణిజానికి 1 కలపగా వచ్చే సంఖ్యలలో మొదటిదైన 47తో ప్రారంభించండి.