చేపల చెరువులో ప్లస్ ఐదు!

కొల్లేటి ఊళ్లలో 'ప్లస్ ఐదు' అంటే కాంటూరే. 2006లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించింది ఆ గీత లోపలే. ఇంటర్ పిల్లలకు మాత్రం ఇంకో ప్లస్ ఐదు ఉంది. అదీ చెరువులోనే!

చేపలకు వేసే తవుడు, చెక్కలోని నత్రజని చివరికి నీళ్లలో అమ్మోనియం అవుతుంది. అందులో నత్రజని ఆక్సీకరణ సంఖ్యెంత? బట్టీ పట్టక్కర్లేదు. ఎలక్ట్రాన్లను ఎవరు గట్టిగా లాగుతారో చూస్తే చాలు. ఆ బలమే రుణవిద్యుదాత్మకత. పౌలింగ్ కొలమానంలో ఆక్సిజన్‌కి 3.44, నత్రజనికి 3.04, హైడ్రోజన్‌కి 2.20. ఎలక్ట్రాన్లు నిజంగా పూర్తిగా చేతులు మారవు. లెక్కలో మాత్రం బలమున్నవాడి ఖాతాలోనే రాసేస్తాం.

అమ్మోనియంలో ఓడేది హైడ్రోజన్. నాలుగింటికీ కలిపి +4. అయాన్ ఆవేశం +1. కాబట్టి నత్రజని −3. బాక్టీరియా దాన్ని నైట్రైట్ చేశాక ఎదురుగా ఉన్నది ఆక్సిజన్. ఈసారి నత్రజనే ఓడుతుంది. రెండు ఆక్సిజన్లకు −4, ఆవేశం −1, అంటే నత్రజని +3. నైట్రేట్‌లో మూడు ఆక్సిజన్లు. లెక్క మీరే వేయండి, +5 వస్తుంది.

చేపకు ఎక్కువ చిక్కు మధ్యలో ఉన్న +3తోనే. నైట్రైట్ మొప్పల్లోంచి రక్తంలోకి దూరి, హిమోగ్లోబిన్‌లోని ఇనుమును +2 నుంచి +3కి మార్చేస్తుంది. ఆ ఇనుము ఆక్సిజన్‌ని మోయలేదు. రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఉన్నా శీలావతి, బొచ్చె ఊపిరాడక పైకి తేలతాయి. రైతుకు పంట పోయినట్టే.

అలాంటప్పుడు చెరువులో ఉప్పు చల్లుతారు. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌తో పోటీపడి దాన్ని లోపలికి రానివ్వదు. అయితే మేత తగ్గించకపోతే పైనుంచి −3 వచ్చి పడుతూనే ఉంటుంది.