అంబలి కుండకు కాపలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో రాగులను చోళ్ళంటారు. రాత్రి చోడిపిండిని నీళ్ళలో కలిపి కుండలో ఉంచితే తెల్లవారేసరికి పులుస్తుంది. దాన్ని ఉడికిన నూకల్లో పోసి కాస్తే అంబలి. మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకుంటూ తాగి పొలానికి వెళ్ళినవాడికి మధ్యాహ్నం దాకా ఆకలి గుర్తుకు రాదు.

పిండిని పులియబెట్టేది కంటికి కనిపించని సూక్ష్మజీవులు. వాటికి సుమారు 30 డిగ్రీల వెచ్చదనం హాయిగా ఉంటుంది. పుష్యమాసపు చలిలో అవి మందగిస్తాయి. అలాగని మరీ వేడి పెడితే చచ్చిపోతాయి.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. చలికాలంలో మా నానమ్మ కుండను పొయ్యి పక్కన పెట్టి, రాత్రి రెండుసార్లు లేచి దానిమీద చెయ్యి వేసి చూసేది. చల్లగా ఉంటే నిప్పులకు దగ్గరగా జరిపేది, వేడెక్కితే దూరంగా లాగేది. తరవాత గ్యాసు పొయ్యి వచ్చింది, నిప్పులు పోయాయి. నానమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. ఒక చలికాలం వరసగా నాలుగు రోజులు పిండి పులవలేదు. ఆమె అంబలి మానేసి టీ తాగి ఊరుకుంది. అది చూసి ఎలక్ట్రీషియను పని చేసే మా చిన్నాన్న ఒక చెక్కపెట్టె తెచ్చాడు.

పిల్లలూ, నానమ్మ చేసే పనిలో ఎన్ని పనులున్నాయో చూశారా? చెయ్యి వెచ్చదనం తెలుసుకుంటుంది. బుర్ర ఆలోచిస్తుంది. మళ్ళీ చెయ్యే కుండను జరుపుతుంది. చిన్నాన్న పెట్టెలోనూ ఈ మూడూ ఉన్నాయి. తెలుసుకునేది థర్మిస్టరు అనే చిన్న పూస. వేడెక్కినకొద్దీ దానిగుండా విద్యుత్తు సులువుగా పారుతుంది. ఆలోచించేది కంట్రోలరు. ఇక బల్బును వెలిగించి ఆర్పేది రిలే.

నాకు అన్నిటికంటె నచ్చింది రిలేయే. కంట్రోలరు బలహీనుడు. 12 వోల్టుల దగ్గర ఆంపియరులో నూరో వంతులు మూడు పంపగలడు, అంతే. ఇంటి కరెంటేమో 230 వోల్టులు. ఈ పసివాడు ఆ ఏనుగును నడిపేది ఎలా? రిలేలో ఒక ఇనుపముక్క చుట్టూ సన్నని రాగితీగ వేలకొద్దీ చుట్లు చుట్టి ఉంటుంది. కంట్రోలరు పంపిన కాస్త కరెంటు ఆ చుట్టలో పారగానే ఇనుము అయస్కాంతమై, ఎదురుగా ఉన్న రేకును టక్కున లాగుతుంది. రేకు లాగబడితే రెండు మొనలు కలుసుకుంటాయి, బల్బు వెలుగుతుంది. కరెంటు ఆగితే స్ప్రింగు రేకును వెనక్కి లాగుతుంది, బల్బు ఆరుతుంది. చిన్న కరెంటూ పెద్ద కరెంటూ ఒకదాన్నొకటి ముట్టుకోనే ముట్టుకోవు!

అమెరికాలో జోసెఫ్ హెన్రీ అనే ఆచార్యుడు 1835లో ఇలాంటి రిలేను పనిచేయించాడు. తరవాత అది టెలిగ్రాఫుకు ప్రాణమయింది. మైళ్ళ దూరం వచ్చి నీరసించిన కరెంటు రిలేను కదిలిస్తే చాలు, అక్కడి బ్యాటరీ కొత్త కరెంటును ముందుకు పంపేది. టపా బండికి మజిలీలో అలిసిన గుర్రాలను విప్పి కొత్తవాటిని కట్టడాన్ని రిలే అనేవారు. ఆ పేరే దీనికీ వచ్చింది.

చిన్నాన్న మెయిన్ స్విచ్చి ఆపి, టెస్టరుతో చూసుకుని అప్పుడు తీగలు ముట్టాడు. ఫేజు తీగను ఫ్యూజు దాటించి రిలే మొనల ద్వారా బల్బుకు కలిపాడు. న్యూట్రలు తీగ నేరుగా బల్బుకు పోతుంది. రిలేకు మామూలుగా తెరిచి ఉండే మొన ఒకటి, మూసి ఉండే మొన ఒకటి ఉంటాయి. తెరిచి ఉండేదాన్నే ఎంచుకున్నాడు. ఎందుకంటే, కంట్రోలరు చచ్చిపడినా బల్బు ఆరిపోతుంది కాని, రాత్రంతా వెలుగుతూ కూర్చోదు. చెక్కకూ గుడ్డకూ వేడి తగలకుండా బల్బు చుట్టూ రేకు గొట్టం కూడా పెట్టాడు. ఇది పని తెలిసిన పెద్దవాళ్ళు చేయవలసిన పని. మీరు ఇంటి కరెంటు జోలికి పోవద్దు.

మొదటి రాత్రి రిలే గంటలకొద్దీ ‘టక టక టక’ అంటూనే ఉంది! ఎవరికీ నిద్ర లేదు. తెల్లవారి చూస్తే పిండి పులవనే లేదు. తప్పులు రెండు. థర్మిస్టరును బల్బు పక్కనే వేలాడదీశాడు; దానికి వేడి తగలగానే బల్బు ఆరిపోయేది, కుండ చల్లగానే ఉండేది. పైగా వెలగడానికీ ఆరడానికీ మధ్య ఎడం బొత్తిగా లేదు. అలా ఊరికే కొట్టుకుంటే రిలే మొనలు నిప్పురవ్వలకు కాలిపోతాయి కూడా.

“ఏట్రా, కుండని వొగ్గేసి దీపానికి జొరం సూసినావా?” అంది నానమ్మ.

చిన్నాన్న నవ్వి, థర్మిస్టరును కుండకే ఆనించి గుడ్డతో కట్టాడు. 28 డిగ్రీలకు వెలగాలి, 30కి ఆరాలి అని ఏర్పాటు చేశాడు. 100 వాట్ల బల్బు తీసి 40 వాట్లది పెట్టాడు. అది పాతకాలపు తీగబల్బే, ఎల్.ఇ.డి. బల్బు అయితే అంత వేడి రాదు.

మర్నాడు మూత తీస్తే పుల్లని వాసన గుప్పుమంది, పైన నురగ. నానమ్మ వేలితో రుచి చూసి ఏమీ అనకుండా నూకలకు ఎసరు పెట్టింది.

ఇప్పుడు ఆమె రాత్రిళ్ళు లేవదు. కాని చీకట్లో ‘టక్’ అని వినిపిస్తే నిద్రలోనే “ఎలిగినాది” అంటుంది.