మాడిన గింజల సాక్ష్యం

ఐర్లండ్‌లో 1990ల చివరినుండి కొత్త రహదారులు విస్తారంగా నిర్మించారు. దారి పడబోయే నేలను ముందుగా పురావస్తు శాస్త్రజ్ఞులు తవ్వి చూశారు. పచ్చిక బయళ్ళ కింద వారికి పదేపదే ఎదురైనవి కోటలూ కావు, నిధులూ కావు. వేడికి ఎర్రబారిన మట్టిగోడలు, అడుగున నల్లటి మసి ఉన్న రెండు మూడు మీటర్ల పొడవైన గుంటలు. పైనుండి చూస్తే కొన్ని 8 అంకెలా, కొన్ని తాళపుకన్నంలా కనిపిస్తాయి. ఇవి గింజలను ఆరబెట్టే బట్టీలు. ఇంగ్లీషులో వీటిని ‘కార్న్’ బట్టీలంటారు గనుక మొక్కజొన్న అనుకోరాదు. ఆ దేశాలలో ఆ మాటకు తిండిగింజ అనే అర్థం. మొక్కజొన్న ఐరోపా చేరింది 1492 తరువాత. ఈ బట్టీలలో ఎన్నో క్రీ.శ. 4–7 శతాబ్దాల నాటివి.

తెలుగు రైతు కళ్ళంలో ఎండ చేసిపెట్టే పనిని, కోతల వేళ కూడా వాన వదలని ఆ నేలమీద నిప్పు చేయాలి. గింజలో తేమ పద్నాలుగు, పదిహేను శాతం దాటితే బూజు పడుతుంది, ఇంకా పెరిగితే మొలక వస్తుంది. తడి గింజ తిరగలిలో నలగదు కూడా. అందుకే గుంటకు ఒక చివర మంట పెట్టి, సన్నని సొరంగంగుండా వేడిగాలిని రెండో చివరనున్న గుండ్రటి గదికి పంపేవారు. ఆ గదిమీద కొమ్మల తడిక, దానిపై గడ్డి, గడ్డిమీద గింజలు. మంటను దూరంగా ఉంచింది నిప్పురవ్వలకు భయపడే.

అయినా రవ్వలు ఎగిరేవి. తడిక అంటుకుని కూలేది. పూర్తిగా కాలిన గింజ బూడిదవుతుంది. గాలి చాలక మాడి బొగ్గయిన గింజను మాత్రం సూక్ష్మజీవులు తినలేవు, అది వేల ఏళ్ళు నిలుస్తుంది. అంటే సవ్యంగా ఆరి, రొట్టె అయిన పంట జాడ లేకుండా పోయింది, నష్టపోయిన పంట మిగిలింది. ఇది ఒక ఊరి ఆరోగ్యాన్ని కేవలం శవపరీక్షలనుబట్టి అంచనా కట్టడం వంటిది. గింజల లెక్కలను చదివేవారు ఈ సంగతిని మరవకూడదు.

గుంట అడుగు మట్టిని నీటిలో కలిపితే మాడిన గింజలు పైకి తేలుతాయి. వాటిని సన్నని జల్లెడలో పట్టి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఐర్లండ్‌లో ఎక్కువగా బార్లీ, ఓట్స్ కనిపిస్తాయి, కొంత గోధుమ. ఓట్స్ గింజ ఒక్కదాన్నే చూసి అది పండించినదా, చేలో కలుపుగా పెరిగినదా అని తేల్చడం కష్టం. పొట్టు అడుగుభాగం మిగిలి ఉంటే తెలుస్తుంది. మొలకలు మరింత ఆసక్తికరం. గింజలన్నీ ఒకే పొడవున మొలకెత్తి ఉంటే మద్యం కోసం కావాలని మొలకెత్తించి ఉంటారు. అక్కడక్కడ, పొడవు ఎక్కువతక్కువలుగా మొలిస్తే చేలోనే వానకు తడిసిన పంట కావచ్చు.

చుట్టూ ఉన్న గోతులతో చిక్కు ఎక్కువ. కొన్ని బట్టీ బూడిద పారబోసినవి, కొన్ని పైకప్పు గుంజలు నాటినవి. మిగిలినవాటిని ‘చెత్తగోతులు’ అనేయడం సులభం, ఆ పేరు తరచు తొందరపాటే. ఇంగ్లండ్ దక్షిణాన సుద్దనేలల్లోని ఇనుపయుగపు గోతులు నిజానికి మనవారి జొన్నపాతరల వంటివి. పీటర్ రెనాల్డ్స్ 1970లలో బట్సర్ ప్రయోగక్షేత్రంలో అటువంటి పాతరలు తవ్వి, గింజలు నింపి, మట్టితో మూసి పరీక్షించారు. అంచున ఉన్న గింజలు మొలకెత్తబోయి లోపలి ఆక్సిజన్‌ను వాడేసి కార్బన్ డయాక్సైడ్ నింపుతాయి. దానితో మిగతా గింజలు నిద్రాణస్థితిలో భద్రంగా ఉంటాయి. తెరిచిన వెంటనే పాతరలోకి దిగినవారి ప్రాణం తీసేదీ ఆ వాయువే.

బట్టీల కాలనిర్ణయంలోనూ గింజే మేలు. పొయ్యిలోని ఓక్ బొగ్గు చెట్టు నడిమి కలపదైతే, నిప్పు పెట్టిన నాటికే దాని వయసు వందల ఏళ్ళు ఉండవచ్చు. గింజ ఆ ఏడాదిదే. గింజల తేదీల ప్రకారం 5, 6 శతాబ్దాలలో బట్టీలు బాగా పెరిగినట్టు కనిపిస్తుంది. వానలు ముదిరినందువల్లనా, సాగు విస్తరించినందువల్లనా అన్న వాదం ఉంది. వానలే కారణమైతే చేలో తడిసి మొలిచిన గింజలు కూడా ఆ బట్టీల అడుగున అదే పాళ్ళలో పెరిగి కనిపించాలి, వెతకవలసింది అక్కడ.