ఫొటో సైజు తగ్గిస్తున్నారా? అసలుది దాచండి!

బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే చాలు, పలాసలోనైనా, బొబ్బిలిలోనైనా నెట్ సెంటర్లకు చేతినిండా పనే. అమ్మాయి ఫారమంతా చకచకా నింపేస్తుంది. తీరా ఫొటో పెట్టేసరికి ‘సైజు ఎక్కువైంది’ అంటూ కంప్యూటరు మొరాయిస్తుంది. ఎవరో ఒకరు గబగబా తగ్గించి పెడతారు. గుండ్రటి ముఖం కాస్తా కోలగా సాగిపోతుంది!

ఇది ఇంట్లో మనమే చేసుకోగల పని. చుక్కల ముగ్గు తెలిసిన వాళ్లకు ఇంకా సులువు.

కంప్యూటరులో ఫొటో అంటే రంగు చుక్కల వరసలే. వాటినే పిక్సెళ్లంటారు. 12 మెగాపిక్సెళ్ల ఫోను కెమెరా తీసిన ఫొటోలో అలాంటి చుక్కలు సుమారు కోటీ ఇరవై లక్షలు. ఐబీపీఎస్ బ్యాంకు పరీక్షల ప్రకటనలు సూచించే ఫొటో కొలత 200 పిక్సెళ్ల వెడల్పు, 230 పిక్సెళ్ల ఎత్తు. అంటే 46 వేల చుక్కలే. ఫైలు బరువు 20 నుంచి 50 కేబీ మధ్య ఉండాలి. సంతకానికైతే 140, 60 పిక్సెళ్లు. బరువు 10 నుంచి 20 కేబీ.

ఎలా తగ్గించాలి?

* ముందుగా అసలు ఫొటోకి నకలు తీసుకోండి. పనంతా నకలు మీదే.
* తర్వాత ‘క్రాప్’తో ముఖం, భుజాలు ఉంచి, 20కి 23 పాళ్లలో కత్తిరించండి.
* ఫొటోషాప్‌లో ‘ఇమేజ్ సైజ్’, ఉచితంగా దొరికే గింప్‌లో ‘స్కేల్ ఇమేజ్’ తెరవండి. వెడల్పు, ఎత్తుల పక్కన గొలుసు గుర్తు ఉంటుంది. అది కలిసే ఉండాలి. విడిపోతే ముఖం సాగుతుంది.
* వెడల్పు 200 అని కొడితే ఎత్తు అదే సర్దుకుంటుంది.
* జేపెగ్‌గా, కొత్త పేరుతో దాచండి. బరువు ఇంకా ఎక్కువుంటే ‘క్వాలిటీ’ కొంచెం తగ్గించండి. మరీ తగ్గిస్తే ముఖం మసకబారుతుంది.

అసలు చిక్కు ఇక్కడుంది. పదిహేను చుక్కలు, పదిహేను వరసల ముగ్గును అయిదు చుక్కలకు కుదించి, పెద్దదాన్ని తుడిచేశారనుకోండి. మిగిలిన పాతిక చుక్కల్లోంచి ఆ పాత ముగ్గు తిరిగొస్తుందా? ఫొటో కూడా అంతే. తగ్గించినప్పుడు పోయిన చుక్కలు మళ్లీ రావు. పెద్దది చేస్తే మధ్య చుక్కల్ని కంప్యూటరు ఊహించి నింపుతుంది.

ఇంట్లో మామ్మ పోయాక పటం కట్టించాలంటే ఆవిడ ఒక్కర్తే ఉన్న ఫొటో కోసం వెతుకులాట మొదలవుతుంది. దొరికేది చాలాసార్లు ఏ కార్డు మీదదో, ఏ దరఖాస్తుకో కుదించిందే. 200 పిక్సెళ్ల ఫొటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చువేస్తే వెడల్పు అంగుళంలో మూడింట రెండు వంతులే! గోడకు పెట్టే 8, 10 అంగుళాల పటానికి అదే లెక్కన 2400, 3000 పిక్సెళ్లు కావాలి. ఇప్పుడు ఏఐ సాఫ్ట్‌వేర్లు నున్నగా పెంచి ఇస్తున్నాయి, నిజమే. కానీ ఆ కంటి కింద ముడతలు, పెదవి పక్క పుట్టుమచ్చ ఊహించి గీసినవి కావచ్చు. పటంలోని మనిషి మామ్మలా ఉంటుంది, మామ్మ కాదు.

వాట్సాప్‌లో మామూలుగా పంపినా ఫొటో కుదించుకుపోతుంది. ‘డాక్యుమెంట్’గా పంపితే అసలు సైజులోనే చేరుతుంది.

పైడితల్లి జాతరకు వెళ్లినా, అరసవల్లి వెళ్లినా అందరినీ నిలబెట్టి ఫొటో తీసేది మనమే. లేదంటే వెనక వరసలో సగం ముఖంతో ఉండేదీ మనమే. ఈ ఆదివారం అమ్మకి, అత్తగారికి, మీకూ విడివిడిగా ఒక్కో మంచి ఫొటో తీయించండి. ఫారాలకు ఎన్ని నకళ్లయినా తగ్గించుకోండి. అసలుది మాత్రం కదపకుండా రెండు చోట్ల దాచండి.