బిడ్డ నోరు విప్పినప్పుడు



ఈ శుక్రవారం మేము ఎంచుకున్న విషయం మింబర్ మీద నుండి అరుదుగా వినబడేది. పసిపిల్లలపై జరిగే దౌర్జన్యం, ముఖ్యంగా లైంగిక దౌర్జన్యం గురించి మాట్లాడబోతున్నాము. ఇలాంటి మాటలు మస్జిదులో తగునా అని కొందరు పెద్దలు మమ్మల్ని ముందే అడిగారు. హయా విశ్వాసంలో ఒక శాఖ అన్న సంగతి మాకూ తెలుసు. అయితే ధర్మాన్ని తెలుసుకునే విషయంలో సిగ్గు అడ్డు రాలేదని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారన్న సంగతి కూడా మనకు తెలిసినదే. బిడ్డను కాపాడుకోవడానికి అవసరమైన మాటను ఆపే సిగ్గును హయా అనలేము.

ఇది ఎక్కడో దూరాన జరిగేది కాదు. 2007లో కేంద్ర స్త్రీ, శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక అధ్యయనం వెలువరించింది. ఏదో ఒక రూపంలో లైంగిక దౌర్జన్యానికి గురయ్యామని వారిలో 53 శాతానికి పైగా చెప్పారు. అసభ్య చిత్రాలు చూపడం మొదలుకొని తీవ్రమైన దాడి వరకు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. మగపిల్లల సంఖ్య ఆడపిల్లల కంటే తక్కువేమీ కాదు. దౌర్జన్యం చేసినవారిలో దాదాపు సగం మంది ఆ పిల్లలు ఎరిగినవారు, నమ్మినవారు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ 13 రాష్ట్రాలలో ఒకటి. అంతే కాదు, అత్యధిక శాతం నమోదైన నాలుగింటిలోనూ ఒకటి. ఈ పిల్లల్లో అత్యధికులు తమకు జరిగింది అంతకు ముందు ఎవరికీ చెప్పుకోలేదు.

ఎందుకు చెప్పలేదు? 1983లో రోలండ్ సమిట్ అనే అమెరికా మనోవైద్యుడు ఈ ప్రశ్నకు ఇచ్చిన జవాబును నేటికీ ఈ రంగంలో పనిచేసేవారు చదువుతారు. హాని చేసేవాడు మొదట బిడ్డ చేత రహస్యం దాయిస్తాడు. బిడ్డ నిస్సహాయంగా ఉండిపోతుంది. తప్పించుకునే దారి లేక, తప్పు తనదేనని నమ్మి, ఆ బతుకుకే సర్దుకుంటుంది. ఎప్పుడో ఆలస్యంగా, పొంతన లేకుండా, నమ్మశక్యం కాని రీతిలో బయటపెడుతుంది. ఇంట్లో రభస మొదలై, అమ్మ ఏడ్చి, నాన్న అరిచి, బంధువులు నిలదీసేసరికి భయపడి, “నేను అబద్ధం చెప్పాను” అంటుంది. ఆ చివరి మాటను పట్టుకొని పెద్దలందరూ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఆ బిడ్డను మనం మరోసారి ఒంటరిని చేసేది అప్పుడే.

ఈ విషయంలో మేము కూడా నిర్దోషులం కాము. కొన్నేళ్ల క్రితం ఒక తండ్రి మా వద్దకు వచ్చాడు. పదేళ్ల కొడుకు మక్తబ్‌కు పోనని మొరాయిస్తున్నాడనీ, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైందనీ చెప్పాడు. మేము దుఆ చేసి, నచ్చజెప్పి పంపమన్నాము. ఇంటివారు నజర్ తగిలిందని తావీజు కట్టించారు. ఎందుకు పోనంటున్నాడో మాలో ఒక్కరమూ ఆ పిల్లవాణ్ణి అడగలేదు. ఏడాది తరువాత ఒక వైద్యురాలు అడిగింది. వాడు చెప్పాడు.

తావీజు మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. ఖుర్ఆన్ పారాయణం బెదిరిన గుండెకు ఊరట. కానీ రోగానికి మందు వాడమని ఆదేశించినది కూడా దైవప్రవక్తే (స). భయానక అనుభవం మనసునే కాదు, శరీరాన్నీ పట్టుకుంటుంది. ప్రమాదాన్ని పసిగట్టే మెదడు భాగం ప్రమాదం దాటిపోయాక కూడా కాపలా మానదు. అందుకే చిన్న చప్పుడుకు ఉలికిపడటం, నిద్రలో కేకలు, కారణం లేని కడుపునొప్పి, చదువులో వెనుకబాటు, ఈడు వచ్చిన పిల్లల్లో ఆగని కోపం లేదా తమను తాము గాయపరచుకోవడం కనిపిస్తాయి. జ్ఞాపకం కూడా వరుసక్రమంలో నిలవదు, ముక్కలుగా మిగులుతుంది. నిన్న ఒకలా, నేడు మరొకలా చెప్పినంత మాత్రాన బిడ్డ అబద్ధమాడుతున్నట్టు కాదు.

దీని నీడ ఎంత దూరం సాగుతుందో 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే వైద్యులు తమ సహచరులతో కలిసి కాలిఫోర్నియాలోని శాన్‌డియాగోలో చేసిన అధ్యయనం చూపింది. బాల్యంలో దెబ్బలు, లైంగిక దౌర్జన్యం, ఇంట్లో హింస వంటివి నాలుగు రకాలు, అంతకు మించి అనుభవించినవారిలో మద్యపాన వ్యసనం, మత్తుమందులు, కుంగుబాటు, ఆత్మహత్యా యత్నాల ముప్పు, అవేవీ ఎరుగనివారి కంటే 4 నుండి 12 రెట్లు ఎక్కువగా ఉంది. గుండె జబ్బులు సైతం పెరిగాయి.

అయితే ఇది చెరగని తలరాత అనుకోకండి. హవాయి దీవులలోని కవాయీలో 1955లో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్, ఆమె సహచరులు దశాబ్దాల పాటు గమనించారు. పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల మానసిక రుగ్మత వంటి అనేక కష్టాల మధ్య పెరిగినవారిలో మూడింట ఒక వంతు మంది స్థిరమైన, దయగల, సమర్థులైన మనుషులుగా ఎదిగారు. వారిని నిలబెట్టినవాటిలో ముఖ్యమైనది వారి మీద నమ్మకం ఉంచిన ఒక పెద్ద మనిషి. తల్లిదండ్రులే కానక్కరలేదు. నానమ్మ, మేనత్త, ఉపాధ్యాయుడు, ప్రార్థనా మందిరంలోని ఒక పెద్దాయన, ఎవరైనా కావచ్చు. మేము చెప్పిన పిల్లవాడికి అలాంటి మనిషి వాడి తాతగారు. ఆయన వాణ్ణి ఏమీ అడిగేవారు కాదు. అసర్ తరువాత వెంటబెట్టుకొని చెరువుగట్టు దాకా నడిచేవారు. దైవప్రవక్త (స)కు పదేళ్లు సేవ చేసిన హజ్రత్ అనస్ (రజి) ఆ పదేళ్లలో ఆయన నోట విసుగు మాట ఒక్కటీ వినలేదని చెప్పారు. ఈ హదీసును సహనానికి ఉదాహరణగా మాత్రమే చెప్పుకొంటూ వచ్చాము. పెద్దవారి పక్కన ఒక పసివాడు భయం లేకుండా పెరిగిన సంగతి కూడా అందులో ఉంది.

కాబట్టి బిడ్డ ఏదైనా చెబితే మొదట మన ముఖాన్ని అదుపులో ఉంచుకుందాము. “నువ్వు చెప్పడం మంచిదైంది, తప్పు నీది కాదు” అనాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోలేము. చాచా, మామూ, ఖాలా, అందరి ముందూ మళ్లీ మళ్లీ చెప్పించకూడదు. దాడి ఇటీవల జరిగివుంటే బట్టలు ఉతకకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కొన్ని మందులు 72 గంటల లోపే పనిచేస్తాయి. తరువాత నెలల తరబడి మనోచికిత్స అవసరం కావచ్చు. తల్లి గానీ తండ్రి గానీ పాల్గొనే చికిత్సా పద్ధతులు మంచి ఫలితాలు ఇచ్చాయి. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే ఉచితంగా మానసిక ఆరోగ్య సలహా ఇస్తారు. పిల్లల సహాయానికి 1098 ఉంది.

ఇక పరువు సంగతి. సాటి ముస్లిం లోపాన్ని కప్పిపుచ్చడం పుణ్యం కదా అని కొందరు అంటారు. తన వరకే పరిమితమైన పాపం వేరు, ఒక పసిబిడ్డ మీద జరిగిన దౌర్జన్యం వేరు. చెడును బాహాటంగా చెప్పడాన్ని అల్లాహ్ ఇష్టపడడని తెలిపిన ఖుర్ఆన్ వాక్యమే అన్యాయానికి గురైనవారికి మినహాయింపు ఇచ్చింది. మనకు, మన తల్లిదండ్రులకు, బంధువులకు వ్యతిరేకమైనా సరే, సాక్ష్యం న్యాయంగా పలకమని నిసా సూరా ఆదేశించింది. దౌర్జన్యపరుడైన సోదరునికి చేయగల సహాయం అతని చేయి పట్టి ఆపడమేనని దైవప్రవక్త (స) వివరించారు. దేశ చట్టం కూడా ఇదే దారిలో ఉంది. 2012 పోక్సో చట్టం ప్రకారం విషయం తెలిసినవారు ఫిర్యాదు చేయకపోవడం నేరం. తమ కింద పనిచేసేవారి తప్పును దాచిన సంస్థల బాధ్యులకు ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. మస్జిద్, మదరసా కమిటీల సభ్యులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవాలి. బిడ్డ పేరు, ఫొటో బయటపెట్టడాన్నీ అదే చట్టం నిషేధించింది. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటివద్ద లేదా బిడ్డ కోరిన చోట, యూనిఫాం లేని పోలీసులు తీసుకోవాలి, రాత్రివేళ బిడ్డను స్టేషనులో ఉంచకూడదు.

ఉస్తాదులలో అత్యధికులు తక్కువ జీతానికి, ఎక్కువ ప్రేమతో మన పిల్లలకు అక్షరం నేర్పుతున్నవారే. వారిని అనుమానించడానికి ఈ మాటలు చెప్పడం లేదు. అపనింద నుండి వారికి కూడా రక్షణ కావాలి. మా మస్జిదులో మక్తబ్ గది తలుపు పాఠం జరిగినంత సేపూ తెరిచి ఉంచుతున్నాము. ఏ పెద్దవారూ ఏ పిల్లవాణ్ణీ ఒంటరిగా గదిలో ఉంచుకోకూడదు, వ్యక్తిగత పనులు చేయించకూడదు, కర్ర వాడకూడదు. నెలకొకసారి ఇద్దరు తల్లులు వచ్చి పిల్లలతో విడిగా మాట్లాడతారు. కమిటీలో ఈ నిర్ణయం ఒక్క సమావేశంలో కుదరలేదు, మూడు పట్టాయి. ఇప్పుడు నమాజు వేళల పట్టిక పక్కనే, పిల్లల కంటికి అందే ఎత్తులో, 1098 అని పెద్ద అంకెలలో రాయించాము.